మోకీలు శస్త్రచికిత్సలో కణజాల రక్తప్రసరణను ఐసీజీ ఫ్లోరోసెన్స్‌తో పరీక్షించడం: సమగ్ర మార్గదర్శి

మోకీలు మార్పిడి ఎంత చక్కగా కుదిరినా, దానిని కప్పి ఉంచే చర్మం బతకకపోతే పడిన శ్రమంతా వృథా అవుతుంది. మోకాలి ముందుభాగంలో చర్మానికీ కీలుకూ మధ్య అడ్డుగా నిలిచే కండ చాలా తక్కువ. ఆపరేషన్ బల్ల మీద ఆరోగ్యంగా కనిపించిన కోత అంచు ఐదో రోజుకో ఏడో రోజుకో నల్లబడి, ఎండి, విడిపోయిందంటే, లోపలి లోహపు కీలు వరకు సూక్ష్మజీవులకు దారి ఏర్పడినట్లే. ఆ తర్వాత ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా కీలును కాపాడుకోవడం కష్టమవుతుంది. అంచు నల్లబడకముందే, రోగి ఇంకా బల్ల మీద ఉండగానే, ఏ భాగానికి రక్తం అందుతోందో, ఏ భాగానికి అందడం లేదో చూడటానికి ఫ్లోరోసెన్స్ (ప్రతిదీప్తి) చిత్రణ ఉపయోగపడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే ఎముకల వైద్యులు, మత్తు వైద్యులు, థియేటర్ నర్సుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇక్కడ మన చేతికి వచ్చే కష్టమైన కేసులకు కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదాల్లో మోకాలు నలిగి, ఒకటికి రెండు ఆపరేషన్లు అయి, ఏళ్ల తర్వాత కీలు మార్పిడికి వచ్చేవారు ఉంటారు. నొప్పికి వాతలు పెట్టించుకుని, మోకాలి చుట్టూ పాత కాలిన మచ్చలతో వచ్చేవారు ఉంటారు. ఉద్దానం ప్రాంతం నుంచి మూత్రపిండాల జబ్బుతో వచ్చేవారు ఉంటారు. వీరందరి విషయంలోనూ చర్మపు రక్తప్రసరణను కంటిచూపుతో మాత్రమే అంచనా వేయడం సరిపోదు.

రంగు పనిచేసే తీరు

మనం వాడే రంగు ఇండోసయనిన్ గ్రీన్. వాడుకలో ఐసీజీ అంటాం. 1950ల్లో కొడాక్ పరిశోధనశాలల్లో రూపుదిద్దుకున్న ఈ రంగుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1959లో ఆమోదం తెలిపింది. సిరలోకి ఎక్కించగానే ఇది రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుని దాదాపుగా రక్తనాళాల లోపలే ఉండిపోతుంది. సుమారు 800 నానోమీటర్ల దగ్గర సమీప పరారుణ కాంతిని గ్రహించి, సుమారు 830 నానోమీటర్ల దగ్గర తిరిగి వెలువరిస్తుంది. ఆ వెలుగు మన కంటికి కనిపించదు, ప్రత్యేక కెమెరా మాత్రమే దానిని తెర మీద చూపగలదు. ఈ కాంతి కణజాలంలోంచి చొచ్చుకొచ్చే లోతు కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి, చర్మం, దాని కింది పలుచని పొర గురించి ఇది చెప్పగలదు గానీ లోతైన కండ గురించో ఎముక గర్భం గురించో చెప్పలేదు.

కాలేయం ఆరోగ్యంగా ఉంటే రక్తంలోని రంగు మూడు నాలుగు నిమిషాలకు సగానికి తగ్గుతుంది. ఇది పూర్తిగా పైత్యరసం ద్వారానే బయటికి పోతుంది, మూత్రపిండాల మీద భారం వేయదు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, పలాస మండలాల నుంచి వచ్చే రోగుల విషయంలో ఈ గుణం ఎంతో విలువైనది. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చూపే రక్తపరీక్ష అంకె) ఇప్పటికే పెరిగి ఉన్న మనిషికి రక్తనాళాల సీటీ కోసం అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించాలంటే వెనకాడతాం. ఐసీజీతో ఆ చిక్కు లేదు. అయితే డయాలసిస్ మీద ఉన్నవారిలో ఈ రంగుకు తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చినట్లు పాత వైద్య సాహిత్యంలో నివేదికలు ఉన్నాయి కాబట్టి, మూత్రపిండాలకు హాని చేయదు అన్న మాటను ఏ ప్రమాదమూ లేదు అన్న మాటగా తీసుకోకూడదు.

ఎవరికి అవసరం, ముందురోజు ఏం అడగాలి

ప్రతి మోకీలు మార్పిడికీ ఈ పరీక్ష అవసరం లేదని నా అభిప్రాయం. మచ్చలేని చర్మం, అదుపులో ఉన్న చక్కెర, మొదటిసారి ఆపరేషన్ అయితే రంగు ఖర్చు రోగి మీద వేయనక్కరలేదు. ఒకటి కంటే ఎక్కువ పాత కోతలు, కాలిన మచ్చలు, రెండోసారి కీలు మార్పిడి, దీర్ఘకాలిక మధుమేహం, స్టెరాయిడ్ వాడకం, పాదంలో నాడి సరిగా అందకపోవడం, పొగాకు అలవాటు వంటివి ఉన్నప్పుడు మాత్రం తప్పక ఆలోచించాలి. పాదపు నాడి అందని రోగికి ముందుగా చేయవలసింది డాప్లర్ పరీక్ష (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూడటం), అవసరమైతే రక్తనాళాల వైద్యుని సలహా. పెద్ద ధమని మూసుకుపోయిన సంగతిని థియేటర్‌లో రంగు ఎక్కించి తెలుసుకోవడం ఆలస్యమే అవుతుంది.

పొగాకు గురించి అడిగే తీరులో ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్రతీర గ్రామం నుంచి వచ్చిన ఒక పెద్దావిడను, “అమ్మా, సిగరెట్ గానీ బీడీ గానీ తాగుతారా?” అని మా జూనియర్ డాక్టరు అడిగితే, “నానెప్పుడూ తాగనేదు బాబూ” అన్నారు. కేసు షీటులో లేదు అని రాసేశారు. మర్నాడు పొద్దున్న నోరు తెరిచి చూసిన మత్తు వైద్యురాలికి అంగిలి మీద తెల్లటి మందమైన పొర కనిపించింది. “చుట్ట కాలుస్తారా అమ్మా?” అని అడిగితే, “చుట్టయితే అడ్డపొగే కదమ్మా, అది ఏరు” అని ఆమె ఎంతో సహజంగా చెప్పారు. నిప్పును నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు మన తీరప్రాంతపు ఆడవారిలో ఉన్నదే. ఆ మనిషి దృష్టిలో అది పొగతాగడం కిందికి రాదు. కాబట్టి చుట్ట, అడ్డపొగ, పొగాకు నమలడం గురించి విడివిడిగా, ఆ మాటలతోనే అడగాలి.

అలర్జీ గురించి కూడా ఇలాగే వివరంగా అడగాలి. ఐసీజీ పొడిలో కొద్దిపాటి సోడియం అయోడైడ్ ఉంటుంది కాబట్టి, ఇంతకుముందు అయోడిన్ ఉన్న మందుకో ఈ రంగుకో ప్రతిచర్య వచ్చిన వారికి దీనిని వాడకూడదు. రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయని చెప్పేవారికి ఉన్నది రొయ్యల ప్రొటీన్‌తో అలర్జీ, అయోడిన్‌తో కాదు. ఆ ఒక్క కారణంతో పరీక్షను మానుకోనక్కరలేదు. కాలేయ జబ్బు ఉంటే రంగు ఎక్కువసేపు నిలిచిపోతుందని గుర్తుంచుకోవాలి. త్వరలో రేడియోధార్మిక అయోడిన్‌తో థైరాయిడ్ పరీక్ష చేయించవలసినవారైతే, ఈ రంగు ఎక్కించిన తర్వాత కనీసం ఒక వారం ఆగాలి. గర్భిణులకు తప్పనిసరి అయితేనే వాడాలి.

డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి చేసిన దారి) ఉన్న చేతికి సూది పెట్టకూడదన్న సంగతి అందరికీ తెలిసినదే అయినా, థియేటర్ హడావిడిలో మరుగున పడుతుంది. ముందురోజే ఆ చేతికి గుర్తు కట్టి ఉంచాలి.

ప్రశ్నను ముందే రాసుకోవడం

ఈ పద్ధతిలో నేను అన్నిటికంటే ముఖ్యంగా భావించే దశ ఇదే. తెర మీద వెలిగే చిత్రం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, మనం ఏమీ అడగకుండా చూస్తే అది మనకు నచ్చిన జవాబే చెప్పినట్లు అనిపిస్తుంది. అందుకే కోత పెట్టకముందే థియేటర్ బోర్డు మీద ఒక ప్రశ్న రాయాలి, దాని పక్కనే, జవాబు ప్రతికూలంగా వస్తే ఏం చేస్తామో కూడా రాయాలి. ఉదాహరణకు, “బయటివైపు పాత మచ్చకూ కొత్త కోతకూ మధ్యనున్న చర్మపు పట్టీకి, కుట్లు వేసిన తర్వాత రక్తం అందుతోందా? అందకపోతే కుట్లు వదులు చేసి మళ్లీ చూస్తాం, అప్పటికీ అందకపోతే ప్లాస్టిక్ సర్జన్‌ను పిలుస్తాం.” ఇలా రాసినప్పుడు ఎప్పుడు చిత్రం తీయాలన్నది కూడా దానంతటదే తేలిపోతుంది.

పాత మచ్చలున్నప్పుడు కోత ఎంపికకు సంబంధించిన శరీరనిర్మాణ సూత్రాన్ని ఇక్కడే గుర్తుచేసుకోవాలి. మోకాలి ముందు చర్మానికి రక్తం ఎక్కువగా లోపలివైపు నుంచి, లోతైన ఫాసియాను (కండలను కప్పి ఉంచే గట్టి పొరను) చీల్చుకుని వచ్చే సన్నని నాళాల ద్వారా అందుతుంది. కాబట్టి నిలువు మచ్చలు ఒకటికి మించి ఉంటే, కీలులోకి వెళ్లడానికి వీలైనంతవరకు బయటివైపున ఉన్న మచ్చనే తిరిగి వాడుకోవాలి. అడ్డ మచ్చను దాటవలసివస్తే లంబంగా దాటాలి. చర్మాన్ని లేపేటప్పుడు ఫాసియాతో కలిపి, దాని కిందనుంచి లేపాలి. ఈ నియమాలను పాటించకుండా తర్వాత రంగుతో పరీక్షిస్తే, మనం చేసిన నష్టం ఎంతో మాత్రమే తెలుస్తుంది.

మందు కలపడం

మామూలుగా సీసాలో 25 మి.గ్రా. పొడి ఉంటుంది. దానిని 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌తో కలిపితే ఒక్కో మి.లీ.కి 2.5 మి.గ్రా. వస్తుంది. సెలైన్‌తో కలపకూడదు, పొడి సరిగా కరగక ముద్దకట్టే అవకాశం ఉంది. కొన్ని కంపెనీల ప్యాకుల్లో నీరు 5 మి.లీ. మాత్రమే ఉంటుంది, అప్పుడు గాఢత రెట్టింపవుతుంది. కంటి విభాగం నుంచి తెప్పించిన సీసా అయితే ఈ పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉంటుంది. అందువల్ల సిరంజి మీద మి.లీ.లు మాత్రమే కాక మి.గ్రా.లు కూడా రాసి అంటించాలి. కలిపిన మందును ఆరు గంటలలోపు వాడాలి, మిగిలినది పారవేయాలి.

పెద్దవారికి ఒక్కో విడతకు 5 మి.గ్రా. నుంచి 10 మి.గ్రా. వరకు సరిపోతుంది. బరువును బట్టి లెక్క వేసేవారు కిలోకు 0.1 మి.గ్రా. వాడతారు, అంటే 60 కిలోల మనిషికి 6 మి.గ్రా. ఎన్ని విడతలు ఎక్కించినా మొత్తం కిలోకు 2 మి.గ్రా. దాటకూడదు. ప్రతి విడతకూ ఒకే మోతాదు వాడాలి. మొదటి చిత్రానికి 5, రెండోదానికి 10 ఎక్కించి, రెండోది బాగా వెలిగిందని సంతోషిస్తే అది మనల్ని మనం మోసగించుకోవడమే.

థియేటర్ సిద్ధం చేయడం

ఖరీదైన ప్రత్యేక యంత్రాలు మన జిల్లాల్లో అన్నిచోట్లా ఉండవు. అయితే జనరల్ సర్జన్లు పిత్తాశయం ఆపరేషన్లలో వాడే కొత్త లాపరోస్కోపీ కెమెరాల్లో చాలావాటికి సమీప పరారుణ సదుపాయం ఉంటుంది. దానిని అరువు తెచ్చుకుని, స్టెరైల్ తొడుగు వేసి, మోకాలి పైన నిలకడగా పట్టుకుని చూడవచ్చు. కడుపు లోపలి చీకటి కోసం రూపొందించిన పరికరం కాబట్టి బయట వెలుగు మసకగా ఉంటుంది, చర్మానికి దగ్గరగా పట్టుకోవాలి. ఏ కెమెరా అయినా తయారీదారు చెప్పిన దూరంలో, చర్మానికి లంబంగా, ఆసాంతం ఒకే ఎత్తులో ఉండాలి. ఒక మూల వాలుగా పట్టుకుంటే ఆవలి అంచు చీకటిగా కనిపించి, లేని లోపాన్ని చూపుతుంది. వెలుగును తనంతట తాను సర్దుకునే ఏర్పాటు కెమెరాలో ఉంటే దానిని ఆపేయాలి.

పైనున్న ఆపరేషన్ లైట్లను పూర్తిగా పక్కకు తిప్పి ఆర్పేయాలి. పాత హాలోజన్ దీపాలు వెదజల్లే పరారుణ కాంతి కెమెరాను కమ్మేస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతుంటే తెర వేయాలి. చర్మం మీద అంటించిన అయోడిన్ ప్లాస్టిక్ పొరను తీసేసి, రక్తాన్ని, మార్కర్ సిరా గీతలను తడిగుడ్డతో తుడవాలి. సిరా గీత కింద కనిపించే నల్లటి చార రక్తం లేకపోవడం వల్ల కాకపోవచ్చు.

టూర్నికే (రక్తాన్ని ఆపడానికి తొడకు బిగించే గాలి పట్టీ) గాలి తీసేయకుండా పరీక్ష చేయలేమన్నది స్పష్టమే. అయితే గాలి తీసిన వెంటనే కూడా చేయకూడదు. అంతసేపు రక్తం అందక ఆకలిగొన్న కాలిలోకి రక్తం ఒక్కసారిగా ఉప్పెనలా వచ్చి, బలహీనమైన చర్మం కూడా తాత్కాలికంగా బాగా వెలుగుతుంది. కనీసం పది నిమిషాలు ఆగడం నా అలవాటు. ఆ సమయంలో మత్తు వైద్యులు రక్తపోటును రోగికి మామూలుగా ఉండే స్థాయికి తెచ్చి, శరీరం చల్లబడి ఉంటే వేడి గాలి దుప్పటితో వెచ్చబరచాలి. నార్ఎడ్రినలిన్ వంటి, నాళాలను బిగించి రక్తపోటు పెంచే మందు నడుస్తుంటే ఎంత మోతాదులో నడుస్తోందో కాగితం మీద రాయాలి.

నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పడం అవసరం. ఒక రెండోసారి మోకీలు మార్పిడిలో, కీలు చుట్టూ నొప్పి తగ్గించే మందు మిశ్రమాన్ని ఎక్కించి, కుట్లు వేసి, ఆ తర్వాత రంగుతో చూశాను. కోతకు రెండువైపులా విశాలమైన భాగం నల్లగా ఉంది. అంచులు కోసేద్దామా అన్నంతవరకు ఆలోచన వెళ్లింది. అప్పుడు స్క్రబ్ నర్సు ట్రేలో ఉన్న ఖాళీ సిరంజి వైపు చూసి, “సార్, ఇందులో ఎడ్రినలిన్ కలిపాం కదా” అని నెమ్మదిగా గుర్తుచేశారు. ఎడ్రినలిన్ చర్మపు నాళాలను బిగించేసింది, నేను చూసిన చీకటి దానిదే. ఆ రోజు నుంచి మిశ్రమాన్ని చిత్రం తీసిన తర్వాతే ఎక్కిస్తున్నాం, లేదా పరీక్ష చేయదలచిన రోగికి ఎడ్రినలిన్ లేకుండా కలుపుతున్నాం.

ఎక్కించడం, చిత్రీకరించడం

రంగు ఎక్కించే ముందు మత్తు వైద్యునికి చెప్పి, ఆయన సరే అన్న తర్వాతే ముందుకు వెళ్లాలి. రంగు వేలి దగ్గరికి చేరినప్పుడు పల్స్ ఆక్సిమీటర్ అంకె కొద్దిసేపు తప్పుగా తగ్గినట్లు చూపవచ్చు. ముందే తెలియకపోతే కంగారు పడతారు. అలాగే అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ ప్రతిచర్య) చాలా అరుదైనా రాకపోదు కాబట్టి, ఎడ్రినలిన్ సిరంజి చేతికి అందేచోట సిద్ధంగా ఉండాలి.

కెమెరా రికార్డింగ్‌ను రంగు కంటే ముందే ప్రారంభించాలి. రంగును వేగంగా ఒకేసారి ఎక్కించి, వెంటనే 10 మి.లీ. సెలైన్‌తో తోయాలి, లేకపోతే కొంత మందు గొట్టంలోనే ఉండిపోతుంది. ఎక్కించిన క్షణంలో ఎవరైనా బిగ్గరగా “ఎక్కింది” అని చెబితే ఆ మాట రికార్డులో పడి, సమయం లెక్కకు ఉపయోగపడుతుంది. మోకాలి చర్మం సాధారణంగా అర నిమిషం నుంచి నిమిషం లోపు వెలగడం మొదలవుతుంది, గుండె బలహీనంగా ఉన్న వృద్ధుల్లో ఇంకొంత ఆలస్యం కావచ్చు. మొదట తెల్లటి చుక్కలు అక్కడక్కడ మెరుస్తాయి. అవి ఫాసియాను చీల్చుకుని పైకి వచ్చే నాళాలు. వాటి చుట్టూ వెలుగు పాకి, ఒకదానితో ఒకటి కలిసి, కోత అంచు వరకు చేరుతుంది. ఆ చేరే తీరును ఎవరూ కదలకుండా, కాలిని ముట్టుకోకుండా, మూడు నిమిషాల వరకు రికార్డు చేయాలి. కడపటి చిత్రం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కంటే ఈ ప్రవాహాన్ని చూడటం ఎన్నో రెట్లు మేలు.

చిత్రాన్ని చదవడం

ముందుగా పోల్చుకోవడానికి ఒక ఆరోగ్యకరమైన చోటు కావాలి. అదే కాలి మీద, కోతకు దూరంగా, మచ్చలేని చర్మాన్ని చిత్రంలో ఒక మూలన ఉంచుకోవాలి. అనుమానమున్న చోటును దానితోనే పోల్చాలి. వేరే రోగితో పోల్చకూడదు, నిన్నటి కేసుతో పోల్చకూడదు. చర్మపు రంగు, కొవ్వు మందం, కెమెరా దూరం అన్నీ మారతాయి. కొన్ని యంత్రాలు వెలుగును శాతాలుగా చూపుతాయి. రొమ్ము శస్త్రచికిత్సల్లో పరిశోధించి చెప్పిన హద్దులను మోకాలికి యథాతథంగా తెచ్చి, ఇంత శాతం కంటే తక్కువైతే కోసేయాలి అనడం సరికాదు.

చూడవలసినవి మూడు. వెలుగు ఎంత త్వరగా వచ్చింది, ఎంత ప్రకాశవంతంగా వచ్చింది, ఆ తర్వాత ఎలా తగ్గింది. మూడోదానిని చాలామంది పట్టించుకోరు. రక్తం లోపలికి వచ్చి బయటికి పోలేక నిలిచిపోయిన చర్మంలో, అంటే సిరల ప్రవాహం దెబ్బతిన్నచోట, వెలుగు ఆలస్యంగానైనా బాగానే వచ్చి, పక్క చర్మం మసకబారిన తర్వాత కూడా అక్కడే నిలిచి ఉంటుంది. చివరి చిత్రంలో అది అన్నిటికంటే ప్రకాశవంతంగా కనిపిస్తుంది. దానిని ఆరోగ్యంగా భావిస్తే నష్టపోతాం. అలాగే వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నచోట కూడా వెలుగు ఎక్కువగానే ఉంటుంది.

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన, జీడిపప్పు పనిచేసే ఒకామె విషయంలో, కంటికి తెలియని లోపాన్ని ఈ చిత్రం నాకు చూపింది. పాత ప్లేటు ఆపరేషన్ మచ్చ బయటివైపు ఉంది. కానీ అది బాగా కిందికి, వెనక్కి ఉండటంతో దానిని వాడలేక మధ్యలో కోత పెట్టాం. కుట్లు వేసి చూస్తే, మచ్చకూ కోతకూ మధ్య చర్మం పైభాగంలో వెలిగి, కిందిభాగంలో సుమారు రెండు వేళ్ల వెడల్పున చీకటిగా ఉండిపోయింది. కంటికి మాత్రం ఆ చర్మం పక్కదానికి ఏమీ తీసిపోలేదు. బోర్డు మీద రాసుకున్న ప్రకారం, ఆ చోటనున్న మూడు కుట్లు విప్పి, మోకాలిని పూర్తిగా చాచి, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ రంగు ఎక్కించాం. చీకటి పట్టీ అంచుల నుంచి మెల్లగా నిండుతూ వచ్చి, ఒక సన్నని చార మాత్రమే మిగిలింది. బిగువే ఆ చర్మానికి ఊపిరాడనివ్వలేదన్నమాట.

చీకటి కనిపించినప్పుడు

వెంటనే కత్తి పట్టుకోకూడదు. రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత, ఎడ్రినలిన్, అంటుకున్న రక్తం, కెమెరా వాలు, చర్మాన్ని ఇంకా లాగి పట్టుకున్న రిట్రాక్టరు, ఇవన్నీ చూడాలి. ఆ తర్వాత కుట్ల బిగువు తగ్గించి, మోకాలిని చాచి ఉంచి, మొదటి విడత రంగు పోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగి రెండోసారి చూడాలి. రెండో విడతకు ముందు, మిగిలి ఉన్న పాత వెలుగును ఒకసారి రికార్డు చేసుకోవాలి, లేకపోతే దానిని కొత్త ప్రవాహంగా పొరపడతాం.

రెండోసారి కూడా సన్నని అంచు మాత్రమే చీకటిగా ఉండి, చర్మం వదులుగా ఉంటే, రక్తం చిమ్మే వరకు ఆ అంచును కోసి, బిగువు లేకుండా మూయవచ్చు. కోస్తే మూతపడనంత వెడల్పు ఉంటే, బలవంతంగా లాగి కుట్టడం కంటే గాస్ట్రోక్నీమియస్ (పిక్క) కండతో కప్పడం గురించి ఆ రోజే ఆలోచించాలి. లోపలివైపు పిక్క కండకు రక్తం ఒకే ప్రధాన ధమని నుంచి అందుతుంది కాబట్టి దానిని తిప్పి మోకాలి ముందుకు తేవడానికి వీలవుతుంది. ఈ పని తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ మన దగ్గర లేకపోతే, ఇలాంటి రోగికి ఆపరేషన్ తేదీ ఖరారు చేయకముందే విశాఖపట్నంలో ఎవరిని పిలవాలో, ఎక్కడికి పంపాలో మాట్లాడి ఉంచాలి. రాత్రి పది గంటలకు, రోగి బల్ల మీద ఉండగా ఫోన్లు చేయడం సరైన పద్ధతి కాదు.

కుట్ల ఎంపిక కూడా రక్తప్రసరణకు సంబంధించిన విషయమే. మేయో క్లినిక్ వైద్యులు 2016లో ప్రచురించిన యాదృచ్ఛిక పరీక్షలో, మోకీలు మార్పిడి తర్వాత ఐసీజీతో కొలిచినప్పుడు, స్టేపుల్స్, నిలువు మాట్రెస్ కుట్ల కంటే చర్మం లోపలినుంచి వరుసగా సాగే సబ్‌క్యుటిక్యులర్ కుట్టుతో అంచులకు రక్తం బాగా అందింది. అనుమానమున్న చర్మానికి నేను ఆ కుట్టునే ఎంచుకుంటున్నాను.

ఐసీజీ అందుబాటులో లేనిచోట ఫ్లోరెసిన్ రంగును, నీలి లేదా అతినీలలోహిత దీపాన్ని వాడే పాత పద్ధతి ఉంది. ఆ రంగు నాళాల నుంచి కణజాలంలోకి కారిపోతుంది కాబట్టి వెంటనే రెండోసారి చూడటానికి వీలుండదు. చర్మం, మూత్రం ఒకటి రెండు రోజులు పసుపు రంగులో ఉంటాయని రోగికి, ఇంటివారికి ముందే చెప్పకపోతే పచ్చకామెర్లు వచ్చాయని భయపడతారు.

నమోదు, తర్వాతి రోజులు

కేసు షీటులో మోతాదు, ఎక్కించిన సమయం, టూర్నికే తీసిన సమయం, అప్పటి రక్తపోటు, ఉష్ణోగ్రత, కెమెరా దూరం రాసి, ముఖ్యమైన రెండు మూడు చిత్రాలను ముద్రించి జతచేయాలి. ఈ పరీక్ష చూపేది ఆ నిమిషపు ప్రసరణను మాత్రమే. వార్డులో గట్టిగా చుట్టిన కట్టు, పెరిగిన రక్తపు గడ్డ, త్వరపడి మోకాలిని వంచే వ్యాయామం ఆ ప్రసరణను మార్చేయగలవు. మోకాలిని ఎక్కువగా వంచినప్పుడు ముందు చర్మానికి ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకని, అనుమానమున్న గాయాలకు మొదటి మూడు నాలుగు రోజులు కాలిని చాచి ఉంచే స్ప్లింట్ వేసి, వంచే వ్యాయామాన్ని వాయిదా వేసి, ఆ సంగతి ఫిజియోథెరపీ వారికి నోటితో చెప్పడమే కాక షీటు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు కట్టు విప్పినప్పుడు, థియేటర్‌లో కెమెరా పట్టుకున్న వైపు నుంచే గాయాన్ని ఫోటో తీసి, ఆ చిత్రాల పక్కన అంటించాలి. బల్ల మీద చీకటిగా కనిపించిన సన్నని చార ఏడో రోజుకు ఏమైందో ఆ పేజీలోనే చూడవచ్చు.